చేప నుదుట మూపురం

పిల్లలూ, రంగురంగుల చేపలు అమ్మే దుకాణం ముందు మీరు ఒక్కసారైనా ఆగి ఉంటారు. చిన్న చేపలు గుంపులుగా తిరిగే తొట్టెలు కాక, ఒకే ఒక పెద్ద చేప ఉన్న తొట్టె కూడా అక్కడ కనిపిస్తుంది. ఒళ్ళంతా ఎరుపు, ప్రక్కలను నల్లమచ్చల వరుస, నుదుటిమీద నిమ్మకాయంత బొడిపె! దానిపేరు ఫ్లవర్‌హార్న్. మీరు వేలు చూపితే అది గాజు దగ్గరకు వచ్చి వేలిని కొరకబోతుంది.

ఆ బొడిపె ఏమిటి? "దానికి మెదడు ఎక్కువ సార్, మనుషుల్ని గుర్తుపడుతుంది" అని ఒక దుకాణదారుడు చెప్పగా విన్నాను. "గాజుకు కొట్టుకొని వాచిపోయింది" అని మా తొమ్మిదవ తరగతి కుర్రవాడు ఒకడు తీర్పు చెప్పాడు. రెండూ సరికాదు. చేప మెదడు చాలా చిన్నది. అది పుర్రె ఎముకల లోపల భద్రంగా ఉంటుంది. బొడిపె ఉన్నది పుర్రెకు వెలుపల, చర్మానికి అడుగున. అందులో ఉన్నది క్రొవ్వు, సంధాయక కణజాలం. వ్రేలితో నొక్కితే మెత్తగా ఉంటుందే తప్ప ఎముకలా గట్టిగా ఉండదు.

జంతువుల ఒంటిమీద ఎత్తుగా లేచినవన్నీ ఒకటి కావు. ఏనుగు కుంభస్థలం ఎముక. ఆ ఎముకలో తేనెపట్టులో లాగా గాలి గదులుంటాయి, లేకుంటే తల మోయలేనంత బరువయ్యేది. ఒంగోలు గిత్త మూపురంలో కండ, క్రొవ్వు కలిసి ఉంటాయి. ఒంటె మూపురం ఇంచుమించు అంతా క్రొవ్వే. చేప నుదుటి బొడిపె వీటిలో ఒంటె మూపురానికి దగ్గరి చుట్టం అనుకోవచ్చు. కాని చుట్టరికం పదార్థంలోనే. పనిలో కూడా చుట్టమేనా అన్నది తరువాత చూద్దాం.

ఈ బొడిపె అన్ని చేపలకూ రాదు. ఎక్కువగా కనిపించేది సిక్లిడ్ అనే కుటుంబపు చేపల్లో. ఇది చాలా పెద్ద కుటుంబం. శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టినవే 1,700కు పైగా జాతులున్నాయి. ఆఫ్రికాలోని టాంగన్యీకా, మలావీ, విక్టోరియా సరస్సులు, దక్షిణ అమెరికా, మధ్య అమెరికా నదులు, సరస్సులు వీటి నివాసాలు. మన దేశానికి స్వతస్సిద్ధమైనవి మూడే జాతులు. కేరళవారు ప్రాణంగా తినే కరిమీన్ వాటిలో ఒకటి. మన పులికాట్ సరస్సులోనూ అది ఉంది. చేపల బజారులో మీకు కనిపించే తిలాపియా కూడా సిక్లిడ్డే. కాని అది ఇక్కడిది కాదు, ఆఫ్రికా నుంచి వచ్చింది.

సిక్లిడ్‌ను గుర్తుపట్టడానికి చిన్న చిట్కా ఉంది. బజారులో బొచ్చె చేప ముక్కు దగ్గర శ్రద్ధగా చూడండి. తలకు ప్రతి ప్రక్కన రెండేసి రంధ్రాలు కనిపిస్తాయి. తిలాపియాకు ప్రతి ప్రక్కన ఒక్కటే. సిక్లిడ్ కుటుంబపు ముద్ర అది. గొంతులో రెండవ జత దవడలు ఉండటం ఇంకొక విశేషం గాని, అది చూడాలంటే చేపను కోయించాలి.

ఇన్ని సిక్లిడ్‌లలో బొడిపె వచ్చేవి కొన్నే. వాటికి పేర్లు పెట్టినవారి కళ్ళు ముందుగా పడింది కూడా ఆ బొడిపె మీదనే! బ్రిటిష్ మ్యూజియంలో చేపల శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన బౌలెంజర్ 1902లో మలావీ సరస్సు చేపనొకదాన్ని వర్ణించి సిర్టోకారా మూరీ అన్నాడు. మొదటి మాటకు అర్థం గ్రీకులో 'వంపు తిరిగిన తల' అని. 1906లో ఆయనే టాంగన్యీకా చేపకు ఫ్రాంటోసా అని పేరు పెట్టాడు. అంటే లాటిన్‌లో 'పెద్ద నుదురు గలది'. కాంగో నదిలో పరుగులు తీసే నీళ్ళలో, రాళ్ళ మధ్య బ్రతికే ఇంకొక చేప ఉంది. దాని ప్రజాతి పేరు స్టియటోక్రేనస్. అర్థం 'క్రొవ్వు కపాలం'! జాతి పేరు కాసువేరియస్. నెత్తిమీద కిరీటం లాంటి ఎత్తు ఉండే కాసోవరీ అనే పక్షిని గుర్తుచేసుకొని పెట్టిన పేరు. ఈ కాంగో చేపకు గాలితిత్తి బాగా చిన్నదైపోయింది. అందుచేత అది నీళ్ళలో తేలుతూ ఈదదు, అడుగున కప్పలా గెంతుతూ పోతుంది. ప్రవాహం కొట్టుకుపోయేచోట తేలకపోవడమే మేలు కదా!

ఇక అసలు ప్రశ్న. బొడిపె ఎందుకు వస్తుంది?

జీవశాస్త్రంలో 'ఎందుకు' అన్న మాటతో కొంచెం జాగ్రత్తగా ఉండాలి. అందులో రెండు ప్రశ్నలు దాగి ఉంటాయి. ఒంటిలో ఏం జరిగి వస్తుంది అన్నది ఒకటి. వచ్చినందువల్ల ఆ జీవికి ఒరిగేదేమిటి అన్నది రెండవది. బడి గంట ఎందుకు మ్రోగింది? "ప్యూను సుత్తితో కొట్టాడు కాబట్టి" అన్నా నిజమే. "ఇంటికి పోయే వేళయింది కాబట్టి" అన్నా నిజమే. రెండూ వేరువేరు జవాబులు. పరీక్షలో ఒకటి అడిగితే రెండవది వ్రాసే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. పెద్దలు కూడా ఈ తికమకలో పడుతుంటారు.

మొదటి ప్రశ్న తీసుకుందాం. మీది పల్లెటూరైతే ఒంగోలు ఆబోతును, అరకకు కట్టే ఎద్దును ప్రక్కప్రక్కన పోల్చి చూడండి. ఆబోతు మూపురం గోపురంలా నిలబడి ఉంటుంది. చిన్నతనంలోనే బీజాలు కొట్టించిన ఎద్దుకు మూపురం అంతగా ఎదగదు. ఆవుకు ఇంకా చిన్నది. జాతి ఒకటే, తినే మేత ఒకటే. తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి జవాబు వెదికిన ప్రయోగం ఒకటి చాలా పాతది, చాలా అందమైనది. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్టోల్డ్ అనే ఆచార్యుడు ఆరు కోడిపుంజు పిల్లల్ని తీసుకున్నాడు. కొన్నిటికి ముష్కాలు తీసివేశాడు. వాటికి నెత్తిన ఎర్రని తురాయి ఎదగలేదు. కూత రాలేదు. ఇతర పుంజులతో పోట్లాటకు దిగలేదు. ఇంతవరకు రైతులకు తెలిసిన సంగతే. మిగిలిన వాటికి ముష్కాన్ని తీసి, కడుపులోనే మరొకచోట ప్రేగుల మధ్య ఉంచాడు. ఆ పుంజులు మామూలు పుంజుల్లాగే ఎదిగాయి! తురాయి ఎర్రగా పెరిగింది, గొంతెత్తి కూశాయి. ఇక్కడ ఆగి ఆలోచించండి. ముష్కాన్ని దాని చోటి నుంచి కోసి తీసినప్పుడు నరాల సంబంధం తెగిపోయింది. అయినా 'ఎదుగు' అన్న ఆజ్ఞ నెత్తిమీది తురాయికి చేరింది. ఎట్లా? మిగిలిన దారి రక్తం ఒక్కటే. ముష్కం ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదులుతున్నదన్న మాట. ఇటువంటి పదార్థాలకు హార్మోనులు అన్న పేరు రావడానికి ఆ తరువాత యాభై ఏళ్ళకు పైగా పట్టింది, 1905లో వచ్చింది.

చేప నుదుటి బొడిపె కూడా ఈ కోవలోదే. దీనిని బాగా పరిశీలించింది మైడాస్ సిక్లిడ్ అనే చేపలో. దాని స్వస్థలం మధ్య అమెరికాలోని నికరాగ్వా, కోస్టారికా దేశాల సరస్సులు. వాటిలో కొన్ని చల్లారిన అగ్నిపర్వతాల నోళ్ళలో నీరు నిండి ఏర్పడినవి. ఈ చేపల్లో చాలా భాగం బూడిదరంగువే. కొన్ని మాత్రం పెరిగే కొద్దీ బంగారు వన్నెకు మారతాయి. ముట్టినదల్లా బంగారం కావాలని కోరిన గ్రీకు కథలోని రాజు పేరు అందుకే వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బార్లో ఈ చేపల ప్రవర్తనను సంవత్సరాల తరబడి పరిశీలించి 1976లో వాటి మీద ఒక వ్యాసం ప్రకటించాడు. అంతకు ఒక ఏడాది ముందు, 1975లో, బ్లైక్ ప్రచురించిన పరిశోధన ఈ చేప బొడిపె హార్మోనుల ఏలుబడిలో ఉందని చూపింది. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సంకేతం పంపుతుంది, బీజకోశాలు మేల్కొంటాయి, చేప సంతానోత్పత్తికి సిద్ధమౌతుంది. అప్పుడే నుదురు ఉబ్బుతుంది.

ఇక్కడ ఒక గమ్మత్తు. సరస్సులో స్వేచ్ఛగా తిరిగే మైడాస్ మగచేపకు బొడిపె ఏడాది పొడుగునా ఉండదు. జతకూడే కాలంలో లేస్తుంది, ఆ పని కాగానే తగ్గిపోతుంది. ఇంట్లో గాజుతొట్టెలో పెంచిన మగచేపకు మాత్రం లేచిన బొడిపె లేచినట్టే ఉండిపోతుంది. తొట్టెలో చేపను చూసి 'ఇది దీని సహజరూపం' అనుకున్నవాడు నిజమైన చేపను చూడనట్టే. తొట్టెలో ఆకలి లేదు, ఋతువుల మార్పు లేదు. ఎప్పుడూ పెళ్ళిళ్ళ కాలమే!

ఈ మధ్య పరిశోధకులు మరికొంత లోతుకు వెళ్ళారు. మలావీ సరస్సు చేప సిర్టోకారా మూరీ బొడిపెలోని కణజాలంలో ఏ జన్యువులు చురుకుగా పనిచేస్తున్నాయో పరిశీలించి 2019లో ఒక పత్రం ప్రచురించారు. బొడిపెలో కొన్ని జన్యువుల పని తీవ్రత, ప్రక్కనే ఉన్న ఇతర కణజాలంలో కంటె వేరుగా ఉందని తేలింది. అంటే బొడిపె కన్నులాగా, రెక్కలాగా జన్యువుల ఆజ్ఞ ప్రకారం పెరిగే అంగం.

రెండవ ప్రశ్న దీనికంటె కష్టమైనది. వచ్చి ఏం లాభం?

పోట్లాటలో ఢీకొట్టడానికి అని మీరు అనవచ్చు. పొట్టేళ్ళను చూసినవారికి తట్టే మొదటి ఆలోచన అదే. నిజంగానే అట్లా ఢీకొట్టే చేప ఉంది. పగడపు దిబ్బల దగ్గర తిరిగే బంప్‌హెడ్ పేరట్‌ఫిష్ మగచేపలు తలలతో ఢీకొట్టుకుంటాయని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాని దాని నుదురు గట్టి ఎముక, అది సిక్లిడ్ కూడా కాదు. సిక్లిడ్‌లు పోట్లాడుకునేది నోళ్ళతో. ఒకదాని దవడ ఒకటి పట్టుకొని ఈడ్చుకుంటాయి. మెత్తని క్రొవ్వుముద్ద ఆ కుస్తీకి ఎందుకూ పనికిరాదు.

అయితే నెమలి పింఛం లాంటిదా? డార్విన్ 1871లో వెలువరించిన గ్రంథంలో ఈ ఆలోచనను విస్తరించాడు. మగనెమలికి అంత పొడుగు పింఛం ప్రాణరక్షణకు ఉపకరించదు, పైగా అడ్డం. అయినా ఆడనెమళ్ళు మంచి పింఛం గల మగదాన్నే ఎంచుకుంటూ పోతే, తరతరాలుగా పింఛం పెరుగుతూ పోతుంది. బొడిపెకు ఈ వాదం బాగానే అతుకుతుంది. కొలంబియా నదులలో జియోఫేగస్ స్టైండాక్నెరీ అనే చేప ఉంది. మగదానికి నుదుట ఎర్రని బొడిపె. ఆడదానికి అది లేదు. గ్రుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకొని కాపాడే భారమంతా ఆడదానిదే. మగది ఒక్కొక్క ఆడచేపను ఆకర్షించి తన దారిన తాను పోతుంది. అటువంటప్పుడు మగదానికి ముస్తాబు అవసరమే.

క్రొవ్వు ఊరకే రాదు కదా, తిండి దొరికిన చేపకే వస్తుంది. పూర్వం మన ఇళ్ళ ముందు వడ్లగాదెలు ఉండేవి. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దలు పిల్లవాడి ముఖం చూసి, ఓరకంట గాదె వైపు కూడా చూసేవారు. నిండు గాదెను అబద్ధంగా కట్టడం కష్టం. నుదుట క్రొవ్వు నింపుకున్న మగచేప కూడా "నాకు తిండికి లోటు లేదు, నా ఒంట్లో రోగం లేదు" అని చాటుకుంటున్నదని అనుకోవచ్చు. ఖర్చుతో కూడిన గుర్తే నమ్మదగిన గుర్తు అనే ఈ వాదాన్ని 1975లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు అమోట్జ్ జహావీ ముందుకు తెచ్చాడు. తొట్టెల్లో చేపలు పెంచేవారు కూడా చెబుతుంటారు, చేప జబ్బుపడినా, తిండి మానినా బొడిపె జారిపోతుందని.

ఇంతవరకు బాగుంది. ఇంత బాగుంటే నాకు అనుమానం! ఎందుకంటే ఫ్రాంటోసా అడ్డుపడుతుంది.

టాంగన్యీకా సరస్సు లోతు 1,470 మీటర్లు. ప్రపంచంలో లోతైన సరస్సులలో రెండవది. అందులో రాళ్ళ వాలుల వెంట, వెలుతురు మందగించే లోతులో ఫ్రాంటోసాలు గుంపులుగా, తొందర లేకుండా తిరుగుతాయి. ముప్పయి సెంటీమీటర్లు దాటి పెరిగే పెద్ద చేప. నీలి ఒంటిమీద నల్లని పట్టీలు. దీనికి పిల్లప్పుడు బొడిపె ఉండదు. వయస్సుతో పాటు పెరుగుతుంది. మగదానికీ పెరుగుతుంది, ఆడదానికీ పెరుగుతుంది! మగదానిది కొంచెం పెద్దది, అంతే. కేవలం ఆడచేపల్ని మెప్పించడానికే బొడిపె అయితే ఆడచేపకు దానితో పనేమిటి? మలావీ సరస్సులోని సిర్టోకారాలో కూడా ఇదే పరిస్థితి, ఆడ మగ రెండింటికీ బొడిపె ఉంది. అక్కడ నుదురు బహుశా వయస్సును, హోదాను తెలిపే గుర్తు కావచ్చు, గుంపులో ఎవరికి ఎవరు దారి ఇవ్వాలో చెప్పే తలపాగా లాగా. ఇది ఊహ. ఊహ అని చెప్పి చెప్పడంలో తప్పు లేదు.

మైడాస్ చేప కూడా మన వాదానికి పూర్తిగా లొంగదు. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి పిల్లలకు కాపలా కాస్తారు. మన కరిమీన్ కూడా అంతే, తల్లిదండ్రులిద్దరిదీ కాపలా. కాని కరిమీన్‌కు బొడిపె లేదు, ఆడ మగ పోల్చడమే కష్టం. కాపలా పద్ధతి ఒకటే అయినా నుదుళ్ళు వేరు! మైడాస్ మగచేప బొడిపె ఆడచేప ఎంపిక వల్లనే వచ్చిందా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి బార్లో 1997లో సహపరిశోధకునితో ఒక పత్రం ప్రచురించాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే చేపను చూసిన మనిషి ప్రశ్నార్థకంతో వ్రాశాడంటే, ఒక్క వాక్యంలో జవాబు చెప్పే పుస్తకాన్ని మీరు కొంచెం అనుమానంగా చూడవచ్చు. ఆఫ్రికాలోను, అమెరికాలోను, వేరువేరు నీళ్ళలో, సిక్లిడ్‌లలో బొడిపె వేరువేరుగా పుట్టింది. ఒక్కొక్కచోట ఒక్కొక్క పనికి వచ్చి ఉండవచ్చు.

ఇక దుకాణంలోని ఫ్లవర్‌హార్న్ సంగతి. దానికి ఏ నదీ స్వస్థలం కాదు. మైడాస్ వంటి మధ్య అమెరికా సిక్లిడ్‌లను ఒకదానితో ఒకటి సంకరం చేసి 1990లలో మలేషియాలో మనుషులు తయారుచేసిన చేప అది. దాని బొడిపెను ఎంచింది ఆడచేప కాదు, కొనేవాడు. బొడిపె ఎంత పెద్దదైతే అంత ధర. ప్రక్కల మీది నల్లమచ్చలు చైనా అక్షరాలను పోలి ఉంటే ఇంకా ధర. మన ఊళ్ళలో వాస్తు చేప అని కూడా అమ్ముతున్నారు. చేప కొన్నందువల్ల అమ్మినవానికి తప్పక డబ్బు వస్తుంది, కొన్నవాని సంగతి నేను చెప్పలేను. మగ ఫ్లవర్‌హార్న్‌లలో చాలావాటికి సంతానశక్తి ఉండదు. అంటే పిల్లల్ని కనే కాలానికి గుర్తుగా పుట్టిన బొడిపె, పిల్లల్ని కనలేని చేప నుదుట శాశ్వతంగా నిలిచిందన్న మాట.

మోజు తీరాక ఏం చేస్తారు? చేపను చంపడానికి మనసొప్పక, పుణ్యమని చెరువులో వదులుతారు. ఇది పుణ్యం కాదు. ఇండొనీషియాలో సులవేసి ద్వీపంలో మటానో అనే పురాతనమైన సరస్సు ఉంది. ప్రపంచంలో మరెక్కడా లేని చిన్న చేపలు అందులో ఉన్నాయి. ఆ సరస్సులో ఫ్లవర్‌హార్న్‌లు తిరుగుతున్నాయని 2012లో పరిశోధకులు ప్రకటించారు. ఎవరో ఒక తొట్టె ఖాళీ చేసి ఉంటారు. అన్నీ సంతానం లేనివి కావు, కొన్నిటికి పిల్లలు కలుగుతాయి. ఇది కోపిష్ఠి చేప, ఏది దొరికితే అది తింటుంది, తన చోటికి ఎవరినీ రానివ్వదు. మన దేశానికి 1952లో తెచ్చిన తిలాపియా ఎన్ని చెరువులకు వ్యాపించిందో చేపలు పట్టేవారిని అడిగితే చెబుతారు. మీ ఇంట్లో పెంచలేని చేప ఉంటే దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచగలవారికి ఇవ్వండి. కాలువలోకి, చెరువులోకి మాత్రం వద్దు.

మీ ఇంట్లోనో, స్నేహితుల ఇంట్లోనో ఇప్పటికే ఇటువంటి చేప ఉంటే దానితో ఒక పని చేయవచ్చు. చేప గాజుకు సమాంతరంగా, ప్రక్కవాటుగా నిలిచినప్పుడు ఫోనుతో ఒక ఫోటో తీయండి. కాగితం మీద అచ్చు వేయించి, మూతి కొన నుంచి వీపు రెక్క మొదలయ్యే చోటికి స్కేలుతో ఒక గీత గీయండి. ఆ గీతకు పైన బొడిపె ఎంత ఎత్తు లేచిందో కొలవండి. మూతి కొన నుంచి తోక మొదలు వరకు పొడవు కొలవండి. మొదటిదాన్ని రెండవదానితో భాగించండి. ఫోటో దగ్గర నుంచి తీసినా, దూరం నుంచి తీసినా ఈ నిష్పత్తి మారదు, అందుకే భాగించమన్నాను. నెలకొకసారి చొప్పున ఒక ఏడాది కొలిచి గ్రాఫు గీయండి. ఆ నెలలో ఏం మేత వేశారో, నీళ్ళు ఎప్పుడు మార్చారో, ప్రక్కతొట్టెలో మరొక చేపను ఎప్పుడు ఉంచారో తేదీలతో సహా వ్రాసిపెట్టుకోండి. కొలతకోసం చేపను నీళ్ళలోంచి బయటికి తీయవద్దు.